శ్రమల రోజుల్లో బిర్యానీ వాసన

నేను బిర్యానీ వండలేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. ఆ ఏడాది శ్రమల రోజులు నలభైలోనూ నా పొయ్యి మీదికి ఎక్కినవి పప్పు, గోంగూర, దోసకాయ, మళ్ళీ పప్పు. కావాలంటే మా ఆయన్ని అడగండి. వద్దులెండి, ఆయన్నీ అడక్కండి. ఆయన కూడా నన్ను అనుమానించిన మనిషే. ఆ సంగతి తర్వాత చెబుతాను.

అసలు నాకు బిర్యానీ వండటం చేతకాదు. పెళ్ళైన కొత్తలో ఒక క్రిస్మసుకి ప్రయత్నించాను. దించేసరికి అన్నం అన్నంలా లేదు, ముక్క ముక్కలా లేదు. మా అత్తగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "పాయసం బానే ఉందమ్మాయ్, కాస్త కారమైంది" అంది. ఆరోజు నుంచీ మా ఇంట్లో బిర్యానీ అంటే హోటలు నుంచి వచ్చేదే. అలాంటి నా మీద, చాటుగా దమ్ బిర్యానీ వండుకు తింటున్నానని ఊరు ఊరంతా కోడై కూసింది. నింద పడినందుకు బాధే గానీ, లోపలెక్కడో నా చేతివంట మీద వాళ్ళకున్న నమ్మకానికి కాస్త గర్వంగా కూడా ఉండేది.

మా ఆయన పాస్టరు. కాబట్టి నేను ఊరందరికీ అమ్మగారిని. నాకప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు. డెబ్బై ఏళ్ళావిడ కూడా నన్ను "వందనాలమ్మగారూ" అనే పలకరించేది. అద్దంకి పక్కన మెట్ట ఊళ్ళో ఉన్నాం. బదిలీ మీద వచ్చి ఏడాది కూడా కాలేదు. చర్చి పాతకాలపు పెంకుల కట్టడం. అంతకుముందు క్రిస్మసుకే సంఘం వాళ్ళు చందాలేసుకుని, పెంకుల కింద తెల్లటి ప్లాస్టిక్ సీలింగు వేయించారు. చర్చి వెనక గోడకి ఆనుకునే మా ఇల్లు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే మా వంటిల్లు. వేదిక పక్కనున్న కిటికీ తెరిస్తే నా పోపుల డబ్బా కనిపిస్తుంది. కట్టించినవాళ్ళు ఏం ఆలోచించి అలా కట్టించారో గానీ, నా కొంప ముంచారు.

ఈస్టరుకి ముందు నలభై రోజులూ మాకు శ్రమల రోజులు. నీసు ముట్టరు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఉపవాస కూడిక ఉంటుంది. సరిగ్గా మిరపకాయ కోతలు ముమ్మరంగా సాగే రోజులవి. కళ్ళాలన్నీ ఎర్రగా పరుచుకుని ఉంటాయి. ఆడవాళ్ళు తెల్లారేసరికి చేలోకి పోయి, పూట పని చేసి, చేతులు భగ్గుమంటుండగా, కడుపులో మంచినీళ్ళు తప్ప మరేం లేకుండా వచ్చి చాపల మీద కూర్చుంటారు. అలాంటి వాళ్ళ ముక్కులకి, మొదటి శుక్రవారం మా ఆయన రెండో పాట ఎత్తుకుంటుండగా, బాస్మతి బియ్యం ఉడుకుతున్న వాసన తగిలింది.

అబ్బే, ఏదో లీలగా తగలడం కాదు. దాల్చినచెక్క, బిర్యానీ ఆకు వేసి అప్పుడే మూత తీసినంత కమ్మగా! నాకే నోట్లో నీళ్ళూరాయి. పాట ఆగలేదు గానీ బాగా పలచబడింది. తలలు ఒక్కొక్కటే వేదిక పక్క కిటికీ వైపు, అంటే నా వంటింటి వైపు, తిరిగాయి. అక్కణ్ణించి ముందు వరసలో కూర్చున్న నా వైపు తిరిగాయి. నేనేం చెయ్యను? కళ్ళు మూసుకుని ఇంకా గట్టిగా పాడాను. దాంతో దొంగ మరీ స్పష్టంగా దొరికిపోయినట్టయింది.

కూడిక అయ్యాక టీచరమ్మ నా దగ్గరికి వచ్చింది. ఆవిడ స్త్రీల సమాజానికి పెద్ద. బళ్ళో పనిచేసి రిటైరైంది. భర్త పోయాక ఒక్కతే ఉంటుంది. తెల్లచీర, గొలుసున్న కళ్ళజోడు. ఆ కళ్ళజోడు పైనుంచి చూసిందంటే, తప్పు చెయ్యనివాడు కూడా ఏదో ఒకటి ఒప్పేసుకుంటాడు.

"అమ్మగారూ, ఈరోజు అయ్యగారికి ఒంట్లో బాలేదా? ఉపవాసం లేరా?" అని అడిగింది.

"ఉన్నారండీ. ఇద్దరం ఉన్నాం."

"అలాగా. మంచిది." అంతే అంది. ఆ 'మంచిది'లో ఉన్న చెడ్డంతా నాకు అర్థమైంది.

రెండో శుక్రవారం కూడా అదే వాసన. ఈసారి ఇంకా చిక్కగా వచ్చింది. ఆ వారమంతా మా ఇంటికి ఆడవాళ్ళ రాకపోకలు పెరిగాయి. ఒకావిడ కరివేపాకు కోసం, ఇంకొకావిడ తోడు పెరుగు కోసం, మరొకావిడ ఊరికే. వచ్చిన ప్రతివాళ్ళూ మాట్లాడుతూ మాట్లాడుతూ ఏదో ఒక గిన్నె మూత ఎత్తేవాళ్ళు. దోసకాయ పప్పు చూసి, నా వైపు చూసి, "బానే దాచింది" అన్నట్టు మూత పెట్టేసేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం మా ఆయన వంటింట్లోకి వచ్చి, ఏదో వెతుకుతున్నట్టు నటించి, కుక్కరు మూత తీసి వాసన చూశాడు.

"ఏంటండీ అది?"

"ఏం లేదు. ఊరికే."

"ఊరికే కుక్కరు వాసన చూస్తారా ఎవరైనా?"

ఆయన గొంతు తగ్గించి, "నాతో చెప్పచ్చు కదా. ఆకలికి తట్టుకోలేకపోతే దేవుడేం అనుకోడు" అన్నాడు. అంత మెత్తగా, అంత ప్రేమగా అన్నాడు. విసనకర్ర ఎదురుగా ఉంది గానీ, పాస్టరుగారని ఊరుకున్నాను. మూడు రోజులు ఆయన కంచంలో ఆవకాయ తప్ప ఇంకేమీ వెయ్యలేదు.

మూడో శుక్రవారానికి నేను తెగించాను. పొద్దున్నే గ్యాసు పొయ్యి గొట్టం ఊడదీసి, సిలిండరుని దొర్లించుకుంటూ చర్చిలోకి తీసుకెళ్ళి సరిగ్గా వేదిక ముందు నిలబెట్టాను. కరెంటు కుక్కరుని కూడా తెచ్చి దాని పక్కన పెట్టాను. వచ్చినవాళ్ళు వచ్చినట్టే నోళ్ళు వెళ్ళబెట్టారు. మా ఆయన సిలిండరు వైపు చూడకుండా వాక్యం చదవడానికి నానా తంటాలు పడ్డాడు. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను, ఇప్పుడు చూస్తాను ఎవరేమంటారో అని. సరిగ్గా ప్రార్థన మధ్యలో, సిలిండరుకి తిన్నగా పైనుంచి, గుప్పుమని వచ్చింది వాసన.

నాకు ఏడుపొచ్చింది. పక్కనున్న పడుచుపిల్ల నా చెయ్యి పట్టుకుని నొక్కింది. అదేదో జాలిలా ఉంది. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక టీచరమ్మ నన్ను పక్కకి పిలిచి, నా ఒళ్ళో నాలుగు పుల్లమామిడికాయలు పెట్టింది. చిన్న పొట్లంలో ఉప్పూ కారం కూడా. "మీరు మాకు చెప్పకపోయినా మాకు తెలిసిపోయిందిలే అమ్మగారూ. తెప్పించుకుని తింటే తప్పేముంది? కడుపుతో ఉన్న మనిషికి ఉపవాసాలేంటి? కోరిక అణుచుకోకూడదు. తినండి, బాగా తినండి" అంది. ఆవిడ కళ్ళజోడు వెనక కళ్ళు తడిగా ఉన్నాయి. వెనకాల ఆడవాళ్ళంతా నవ్వు మొహాలతో నిలబడ్డారు.

నాకు పెళ్ళై పన్నెండేళ్ళు. పిల్లలు లేరు. గుంటూరులో ఇద్దరు డాక్టర్లు, విజయవాడలో ఒకరు చూశారు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అయినా ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. అలాంటిది ఇప్పుడు ఇంతమంది ఒక్కసారి సంతోషంగా చూస్తుంటే, "కాదమ్మా, అదేం లేదు" అనకుండా కాయలు కొంగున కట్టుకున్నాను. అనాల్సింది. అనలేదు. ఇంటికొచ్చి నాలుగు కాయలూ ఉప్పుకారం అద్దుకుని తినేశాను. చాలా బాగున్నాయి. తింటున్నంతసేపూ నన్ను నేను తిట్టుకున్నాను.

అసలు దొంగ వారం తర్వాత దొరికింది. పట్టుకుంది మామ్మ. ఆవిడ జన్మంతా మిరప చేలల్లోనూ పత్తి చేలల్లోనూ వంగిన నడుముతోనే గడిపింది. శనివారాలు చర్చి ఊడుస్తుంది. ఆరోజు చీపురు ఆపేసి, వేదిక వెనక గోడ అంచు మీద ఏదో చూసి నన్ను కేకేసింది.

"అమ్మగారో! ఇట్టా రాండి. ఇది సూడండి."

చూశాను. బొప్పాయి గింజలు, నాలుగు సపోటా గింజలు, నల్లటి పెంట.

"మానుపిల్లి. చెట్ల మీద తిరిగే పునుగుపిల్లి రకం" అంది మామ్మ. "పైన సీలింగులో కాపరం పెట్టింది. అది ఉన్నచోట బాసుమతి బియ్యం ఉడికిన వాసన వచ్చిద్ది. మా చిన్నప్పుడు తాటితోపులో ఆ వాసనకి మా అన్న ఆకలి ఆకలని ఏడ్చేవోడు."

"ఆ వాసన దానిదా!" అని అరిచాను.

"అరవబాకండి. పిల్లలున్నయ్యి. ఇనండి."

ఊపిరి బిగబట్టి విన్నాను. సీలింగు మీద సన్నగా, పాత తలుపు బందు కిర్రుమన్నట్టు, ఒకటి, రెండు, మళ్ళీ ఒకటి. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. ఊరందర్నీ పిలిచి, "ఇదిగో మీ బిర్యానీ!" అని చూపించాలనిపించింది. చెప్పులేసుకుని గేటు దాకా వెళ్ళాను కూడా.

మామ్మ నా కొంగు పట్టుకుంది. "యాడికి? చెప్పారంటే సాయంత్రానికల్లా తాలుకాయల పొగ పెడతారు. తల్లి పారిపోయిద్ది. కళ్ళు తెరిసీ తెరవని పిల్లలు, అయ్యి ఉండలేవు."

తాలుకాయలంటే కళ్ళంలో ఏరి పారేసే తెల్లబారిన మిరపకాయలు. వాటిని కుండలో వేసి నిప్పంటిస్తే వచ్చే పొగకి ఎలుక, పాము, పిల్లి, అప్పుడప్పుడూ అల్లుడు కూడా ఇల్లు వదిలి పారిపోవాల్సిందే. మా వైపు దేన్ని తరమాలన్నా అదే మందు. నేను గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. చెబితే నా పరువు దక్కుతుంది. చెప్పకపోతే ఆ కూనలు దక్కుతాయి. చెప్పులు విప్పేసి లోపలికి వచ్చాను.

"ఎన్నాళ్ళు పడుతుంది మామ్మా, వాటికి కాళ్ళు రావడానికి?"

"ఈస్టరు పండక్కి తల్లెంట నడుస్తయ్యిలే" అంది.

ఆ తర్వాత రోజూ సందెవేళకి నాకు అదే పని. చర్చి తలుపులు వేసుకుని, నిచ్చెన ఎక్కి, ఊడిన ఒక ప్లాస్టిక్ పలక పక్కకి జరిపి చూసేదాన్ని. పెంకుల సందుల్లోంచి పడే వెలుగు చాలేది. దూలం మూలన మూడు బూడిదరంగు ముద్దలు ఒకదానిమీద ఒకటి పడి ఉండేవి. మొదటిసారి చూసినప్పుడు కళ్ళు అప్పుడే తెరుచుకుంటున్నాయి, అందులో ఒకదానికి ఒక కన్నే తెరుచుకుంది. అది ఆ ఒంటికన్నుతోనే నావైపు మహా కోపంగా చూసింది. దానికి మనసులో టీచరమ్మ అని పేరు పెట్టుకున్నాను. దేవుడు క్షమించాలి.

తల్లి పగలంతా వాటిని పొట్ట కింద పెట్టుకుని పడుకునేది. ముక్కు నల్లగా, ఒళ్ళంతా మసిబారినట్టు, తోక ఒంటి పొడవున ఉండేది. చీకటి పడుతుందనగా లేచి, మూడింటినీ ఒక్కొక్కటిగా బోర్లా తిప్పి, వెల్లకిలా తిప్పి, తల నుంచి తోక దాకా నాకేది. పాలు కుడుస్తూ ఒకదాన్ని ఒకటి కాళ్ళతో తన్నుకునేవి. అది కాసేపు ఓర్చుకుని, ఇక చాలన్నట్టు లేచి నిలబడేది. వేలాడుతున్న వాటిని దులిపేసుకుని పెంకుల సందులోంచి వెళ్ళిపోయేది. తండ్రి అనేవాడు ఒక్కరోజూ కనపడలేదు.

"వాడు ఉండడు. ఈ జాతిలో మొగోడికి అంతవరకే పని" అంది మామ్మ కింద నిచ్చెన పట్టుకుని. "నక్క అట్టా కాదు. మొగనక్క కూడా మేత తెచ్చి పెట్టిద్ది. చెవులపిల్లి, అదే కుందేలు, ఇంకో రకం. పిల్లల్ని తలోచోటా దాచి, రోజుకి ఒక్కసారి వచ్చి పాలిచ్చి పోయిద్ది. అది తల్లి వదిలేసింది అనుకుని జనం ఎత్తుకొచ్చేస్తారు, అయ్యి చచ్చిపోతయ్యి."

"మరి మీకు చేలో కనిపిస్తే?"

"పత్తి తీసేటప్పుడు చానాసార్లు కనపడతయ్యి. ఆ చెట్టుకి ఒక గుడ్డపీలిక కట్టి, ఆ సాలు వదిలేసి పక్క సాలు పడతాం. ఎనకొచ్చేవాళ్ళు కూడా పీలిక చూసి తప్పుకుంటారు. రైతు అడిగితే పురుగు కొట్టిందని చెప్తాం."

చదువుకున్నదాన్ని, పన్నెండేళ్ళుగా ఇలాంటి మెట్ట ఊళ్ళలోనే ఉంటున్నదాన్ని, పత్తి చేలో కట్టి ఉన్న పీలికలు ఎన్నోసార్లు చూశాను. దిష్టికి కట్టారనుకున్నాను.

ఇంతలో ముప్పు రానే వచ్చింది. చర్చి కమిటీ సెక్రటరీ మిరప రైతు, నోరు పెద్దది, మనసు మంచిదే. ఒక సాయంత్రం చర్చిలో లెక్కల పుస్తకం కోసం వచ్చి, పైన దడదడ విన్నాడు. కూనలకి అప్పటికి ఆటలు వచ్చాయి మరి.

"పందికొక్కులు దూరినయ్యి అయ్యగారూ! కొత్త సీలింగు కొరికి పారేస్తయ్యి. రేపొద్దున మా కళ్ళంలోంచి ఒక బస్తా తాలుకాయలు తెస్తా. పొగ పెట్టామంటే పక్కూరిదాకా పరిగెత్తాలి."

ఏం చెయ్యాలో తోచలేదు. చెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోయింది. "పొగా? నాకు పొగ పడదండీ... ఈ రోజుల్లో" అన్నాను.

అంతే. సెక్రటరీ నాలుక కరుచుకున్నాడు. "అయ్యయ్యో! మర్చేపోయా అమ్మగారూ. తప్పయిపోయింది. పండగ పోనీయండి, మీకు వీలైనప్పుడే చూద్దాం" అని చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయాడు. అంతవరకూ నేను అబద్ధం చెప్పలేదు, వాళ్ళే అనుకున్నారు అని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. ఇక ఆ వీలు కూడా పోయింది. నోటితో చెప్పకపోతేనేం, చేత్తో చెప్పాను.

మా ఆయన అక్కడే ఉన్నాడు. సెక్రటరీ వెళ్ళాక నా వైపు తిరిగాడు. ఆయనకి ఊళ్ళో మాట అప్పటిదాకా చేరలేదు. ఆయన మొహంలో ఒక వెలుగు వచ్చింది. పెళ్ళిరోజు తర్వాత మళ్ళీ అలాంటిది చూడలేదు.

"నిజమా?" అన్నాడు.

"కాదండీ."

ఆయన తలూపాడు. "సరేలే" అని గేటు దగ్గర మందారాలకి నీళ్ళు పొయ్యడానికి వెళ్ళాడు. అప్పుడే వానపడినట్టు మడి అంతా నిండిపోయినా ఇంకా పోస్తూనే ఉన్నాడు. నా బతుకులో నేను చేసిన తప్పుల్లో, ఆ ఒక్క క్షణం ఆయన్ని ఆశపడేలా చెయ్యడమే అన్నిటికంటే పెద్దది.

మర్నాడు సందెవేళ ఆయన్ని నిచ్చెన ఎక్కించి, జరిగిందంతా చెప్పాను. ఆయన తల సీలింగులో పెట్టి ఎంతసేపటికీ కిందికి రాడే! కాళ్ళు మాత్రం కనపడుతున్నాయి. చివరికి లోపల్నుంచి, "ముగ్గురే!" అన్న గొంతు వినిపించింది. 'మూడు' అనలేదు, 'ముగ్గురు' అన్నాడు. దిగాక, "ఈస్టరు ఆదివారం నేను సాక్ష్యాల వేళ పిలుస్తాను. అప్పుడు చెప్పెయ్యి. అప్పటిదాకా నన్నెవరూ ఏమీ అడగకుండా చూడు, నాకు అబద్ధం రాదు" అన్నాడు. ఆ వారమంతా ఎవరైనా ఎదురైతే దగ్గొచ్చినట్టు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని తప్పించుకు తిరిగాడు. పాస్టరుగారికి దగ్గు తగ్గాలని ఇంకొక ప్రార్థన మొదలైంది.

ఈస్టరుకి ముందురోజు సాయంత్రం, మామ్మ చెప్పినట్టే జరిగింది. చర్చి పక్కన చింతచెట్టు కొమ్మ ఒకటి పెంకుల మీదికి వాలి ఉంటుంది. తల్లి ముందు పెంకుల మీదికి వచ్చి, చెవులు తిప్పి నాలుగు దిక్కులా విని, కొమ్మ ఎక్కి వెనక్కి చూసింది. మొదటిది చకచకా వెళ్ళింది. రెండోది మధ్యలో ఆగి, ఒక పురుగుని కాలితో కొట్టి, తిని, తర్వాత వెళ్ళింది. మూడోది, నా టీచరమ్మ, కొమ్మ మొదట్లో కూర్చుని రానంటే రానంది. తల్లి గుర్రుమంది. అది ఇంకా ముడుచుకుంది. తల్లి వెనక్కి వచ్చి, మెడ కరుచుకుని, అంత పెద్ద పిల్లని కాళ్ళు కిందికి వేలాడుతుండగానే ఎత్తుకుపోయింది. నేను చప్పట్లు కొట్టబోయి ఆగాను. ఆ రాత్రి సీలింగు మీద చడీ చప్పుడూ లేదు. హమ్మయ్య అనుకుని హాయిగా పడుకున్నాను. రుజువు కూడా వాటితోపాటే వెళ్ళిపోయిందని నాకు తట్టనేలేదు.

ఈస్టరు ఆరాధనలో, ఎవరి మాట వాళ్ళు లేచి చెప్పుకునే సాక్ష్యాలకి మా ఆయన పిలవగానే లేచాను. చర్చి నిండా జనం. "సంఘస్థులందరికీ వందనాలు" అని మొదలుపెట్టి, ఇక నాన్చకుండా చెప్పేశాను. "నేను గర్భవతిని కాదు. మీరు అనుకున్నారు, నేను కాదనలేదు. అది నా తప్పు. క్షమించండి."

ముందు వరసలో ఒకావిడ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆవిణ్ణి చూసి పక్కావిడ. క్షణంలో ఆడవాళ్ళ వైపంతా కొంగులు కళ్ళకి పోయాయి.

"అయ్యో తల్లీ! ఎప్పుడు పోయిందమ్మా?"

"పోలేదండీ! అసలు లేదు!"

"ఊరుకో తల్లీ. దేవుడు మళ్ళీ ఇస్తాడు."

"అది కాదండీ. పైన మానుపిల్లి ఈనింది! మూడు పిల్లలు! ఆ వాసన దానిది!"

"పాపం, దిగులుకి ఏదేదో మాట్లాడుతుంది" అని ఒకరు. "కూచోబెట్టండి, మంచినీళ్ళివ్వండి" అని ఇంకొకరు. మామ్మ లేచి, "నిజమే, నేనూ సూశా" అంటే, సెక్రటరీ కళ్ళు తుడుచుకుంటూ, "ఓదార్చడానికి నువ్వు కూడా చెప్తున్నావు గాని, ఊరుకో మామ్మా" అన్నాడు. మా ఆయన "నేనూ చూశాను" అనబోతే, దగ్గు ఎక్కువవుతుందని మంచినీళ్ళిచ్చి ఆపేశారు. నా తల ప్రాణం తోకకొచ్చింది. నాలుగు వారాలు నిజం దాచాను, సరే. ఇప్పుడు నెత్తీ నోరూ బాదుకుని చెబుతుంటే ఒక్కరూ నమ్మరేం?

అప్పుడు టీచరమ్మ లేచింది. ఏడవలేదు. నా మొహంలోకి కళ్ళజోడు పైనుంచి కాదు, అద్దాల్లోంచే సూటిగా చూసింది.

"నిచ్చెన తెండి" అంది.

మగవాళ్ళు మేం ఎక్కుతామన్నారు. ఆవిడ వినలేదు. తెల్లచీర కొంగు నడుములో దోపుకుని, అరవై అయిదేళ్ళ మనిషి, సంఘం మొత్తం చూస్తుండగా ఒక్కో మెట్టూ ఎక్కి, పలక జరిపి, తల లోపల పెట్టింది. పైనుంచి గట్టిగా గాలి పీల్చిన చప్పుడు వినిపించింది. ఒకసారి కాదు, రెండుసార్లు. దిగేసరికి జుట్టంతా బూజు, చేతిలో బూడిదరంగు వెంట్రుకలు, నాలుగు బొప్పాయి గింజలు. వాటిని వేదిక బల్ల మీద పెట్టింది.

"అమ్మగారు బిర్యానీ వండలేదు. ఆవిడకి నెలా తప్పలేదు. రెండూ మనం పుట్టించినవే. మొదలుపెట్టింది నేను" అంది. అని చేతులు దులుపుకుని, "పాట ఎత్తుకోండి అయ్యగారూ" అంది. మా ఆయన దగ్గు మర్చిపోయి అందుకున్నాడు.

ఆరాధన అయ్యాక అందరూ టీలకని ఆవరణలోకి పోయారు. నాకు లేవాలనిపించలేదు. టీచరమ్మ వచ్చి పక్కన చాప మీద కూర్చుంది. ఆవిడ క్షమాపణ అడుగుతుందనుకున్నాను. "పోనీలెండి టీచరమ్మగారూ" అనడానికి సిద్ధంగా కూడా ఉన్నాను.

"అమ్మాయ్" అంది. ఎప్పుడూ అమ్మగారూ అనే మనిషి. "పిల్లలు లేరని బాధపడతావా?"

పన్నెండేళ్ళలో ఈ మాట నన్ను ఎవరూ అడగలేదు. మందులు చెప్పారు, డాక్టర్ల పేర్లు చెప్పారు, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థనలు చేశారు. బాధగా ఉందా అని మాత్రం అడగలేదు, మా అమ్మతో సహా.

"పడతానండీ" అన్నాను.

ఆవిడ దేవుడిస్తాడనలేదు. ప్రార్థన చేద్దామనీ అనలేదు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఊళ్ళో మూడు తరాల పిల్లలకి అక్షరాలు దిద్దించిన మనిషి. ఆవిడ ఇంట్లో ఎవరి పిల్లల ఫోటోలున్నాయో ఎప్పుడూ నేను గమనించలేదు. అసలు చూడాలని కూడా అనుకోలేదు.

"నేనూ పడ్డానమ్మా," అంది. "ముప్పై ఏళ్ళు పడ్డాను."

బయట నుంచి టీ చల్లారిపోతుందని ఎవరో కేకేశారు. మేమిద్దరం వెంటనే లేవలేదు.